ఇంజనీరింగు చదువుకు బయల్దేరే ఆడపిల్లకు తోడెవరు?

పుట్టపర్తి: పదవ తరగతి ఫలితాలు వెలువడిన కొద్ది వారాల్లోనే ఈ ప్రాంతపు ఆడపిల్లల భవిష్యత్తు చాలా వరకు తేలిపోతోంది. లెక్కల్లో, సైన్సులో మంచి మార్కులు తెచ్చుకునే బాలికలు పుట్టపర్తి, బుక్కపట్నం, కొత్తచెరువు, నల్లమాడ, ఓబుళదేవరచెరువు మండలాల హైస్కూళ్లలో యేటా కనిపిస్తూనే వున్నారు. ఆ తర్వాత వారు ఏ దారి పడతారన్నది మాత్రం మార్కుల జాబితా మీద కంటే ఇంట్లో రాత్రి భోజనాల తర్వాత పెద్దలు మాట్లాడుకునే మాటల మీద ఆధారపడి వుంటుంది.

ఆ మాటల్లో పిల్ల తెలివితేటల ప్రసక్తి తక్కువ. కాలేజీ ఎంత దూరం, ఖర్చెంత, ఎవరితో పోతుంది, ఎక్కడ వుంటుంది, పెళ్లి ఎప్పుడు చేయాలి అన్నవే ఎక్కువ. సగటున యేడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని నేల ఇది. రెండు బోర్లు వేయించినా నీళ్లు పడక అప్పుల్లో కూరుకుపోయిన రైతు ఈ ప్రశ్నలు వేయడంలో తప్పు లేదు. అయితే ఈ ప్రశ్నలన్నింటికీ జవాబులున్నాయి. అవి సకాలంలో ఇంటికి చేరడం లేదు. దాంతో పిల్ల దగ్గర్లో దొరికిన ఏదో ఒక గ్రూపులో చేరిపోతోంది, లేదా చదువే మానుకుంటోంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల వయసున్న స్త్రీలలో నూటికి 29 మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లిళ్లయ్యాయి. వారిలో లెక్కలు బాగా వచ్చిన పిల్లలు ఎందరున్నారో ఏ సర్వే కూడా లెక్కపెట్టలేదు.

పుట్టపర్తికి చదువుల వూరుగా పేరుంది. 1968లో సత్యసాయి బాబా చేతుల మీదుగా మొట్టమొదట ఏర్పడిన కాలేజీ మగపిల్లలది కాదు, అనంతపురంలోని మహిళా కళాశాల అన్న సంగతి ఈనాటి యువతరంలో చాలా మందికి తెలియదు. 1981లో ఈ విద్యాసంస్థకు విశ్వవిద్యాలయ హోదా లభించింది. అక్కడ చదువుకు ఫీజు వసూలు చేయరు. కానీ పుట్టపర్తిలోని ఆవరణ పురుషులది, మహిళల ఆవరణ అనంతపురంలోనే వుంది. అంటే పుట్టపర్తి ఆడపిల్ల కూడా అందులో సైన్సు చదవాలంటే బస్సో, రైలో ఎక్కక తప్పదు. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి జిల్లా కేంద్రమైంది, కార్యాలయాలు వచ్చాయి. పై చదువులకు వూరు దాటడమన్నది మాత్రం తప్పలేదు.

పట్టు పురుగుల గదిలో సైన్సు

ఆడవాళ్లకు యంత్రాలు, లెక్కలు పట్టుబడవన్న మాట పల్లెల్లో ఇంకా వినిపిస్తూనే వుంది. ఈ మాట అనేవారు ఒకసారి తమ వూళ్లోనే పట్టు పురుగులు పెంచే ఇంట్లోకి తొంగి చూస్తే చాలు. గోడకు రెండు గొట్టాల థర్మామీటరు వేలాడుతూ వుంటుంది. ఒక గొట్టం అడుగున తడిగుడ్డ చుట్టి వుంటుంది. రెండింటిలోని పాదరసం మట్టాలకు వున్న తేడాను బట్టి గదిలో తేమ ఎంతుందో తెలుస్తుంది. పురుగులు చిన్నగా వున్నప్పుడు 27, 28 డిగ్రీల వేడి, 80 శాతానికి పైబడిన తేమ కావాలి. పెద్దవయ్యాక 24, 25 డిగ్రీలు, 70 శాతం తేమ చాలు. బడి ముఖం చూడని ఇల్లాలు ఈ లెక్క తప్పకుండా చూసుకుంటూ, ఎండ ముదిరితే గోనె పట్టాలు తడిపి కిటికీలకు కడుతుంది. తడిగుడ్డలోని నీరు ఆవిరవుతూ గొట్టాన్ని చల్లబరుస్తుందన్న సూత్రమే ఆమె కూతురి భౌతిక శాస్త్రం పుస్తకంలోనూ వుంది. తల్లికి చేతిలో వున్న విద్య కూతురికి పుస్తకంలో అర్థం కాదనడం హాస్యాస్పదం.

బోరు మోటారు స్టార్టరు పెట్టెలో ఏ ఫేజు పోయిందో చూసి తండ్రికి చెప్పే పిల్లలు కూడా ఈ పల్లెల్లో వున్నారు. వారికి అవకాశం దొరికితే ఆ పని పాలిటెక్నిక్ వర్క్‌షాపులో చేస్తారు.

గిండీలో ఒక తెలుగమ్మాయి

తోడు లేనిదే ఆడపిల్లను పంపలేమనే తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసిన కథ ఒకటుంది. ఇది కట్టుకథ కాదు, మద్రాసులోని ఒక తెలుగు ఇంట్లో జరిగిన చరిత్ర.

అయ్యలసోమయాజుల లలిత 1919 ఆగస్టు 27న జన్మించారు. పదిహేనవ యేట పెళ్లి చేశారు. పద్దెనిమిదేళ్ల వయసులో భర్త మరణించారు. అప్పటికి ఆమె ఒడిలో నాలుగు నెలల ఆడబిడ్డ. ఆ రోజుల్లో అలాంటి యువతికి గడప దాటడమే గగనం, చదువు సంగతి చెప్పనవసరం లేదు. అయితే ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ప్రొఫెసరు. కూతురు మళ్లీ చదువుకోవాలని ఆయన నిశ్చయించారు. లలిత క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ ముగించారు. వైద్యం చదివితే అర్ధరాత్రి పిలుపు వచ్చినా బిడ్డను వదిలి పోవలసి వుంటుందని ఆలోచించి, పగటి వేళల్లో పని చేసుకోగల ఇంజనీరింగును ఎంచుకున్నారు. బిడ్డ తల్లి ఎంత నిదానంగా లెక్క వేసుకుందో ఇక్కడ గమనించవచ్చు.

గిండీ కాలేజీ 1794లో సర్వే బడిగా మొదలైంది. దాదాపు ఒకటిన్నర శతాబ్దం పాటు అందులో ఒక్క ఆడపిల్ల కూడా చదవలేదు. అప్పటి ప్రిన్సిపాల్ కె.సి.చాకో అనుమతితో లలితకు సీటు లభించింది. వందలాది మగపిల్లల మధ్య ఆమె ఒక్కతే. తోటి విద్యార్థులు మర్యాదగానే మెలిగారు. హాస్టల్లో ఆమెకు వేరుగా వసతి ఏర్పాటు చేశారు. వారాంతాల్లో వెళ్లి బిడ్డను చూసి వచ్చేవారు. చదువులో ఏ లోటూ లేదు. వున్న లోటల్లా ఒంటరితనమే. సాయంత్రం గదికి చేరితే పాఠం గురించి మాట్లాడుకోవడానికి సాటి ఆడపిల్ల లేదు.

ఆ తర్వాత జరిగినదే ఈ కథలో అసలు విశేషం. ఆడపిల్లలు ఇంజనీరింగులో చేరవచ్చునని కాలేజీ తరఫున ప్రకటన వెలువడింది. మరుసటి యేడాది ఇద్దరు కేరళ యువతులు, పి.కె.త్రేసియా, లీలమ్మ జార్జి, సివిల్ ఇంజనీరింగులో చేరారు. ఒంటరిగా వున్న గదికి ముగ్గురి సందడి వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధం మూలంగా చదువు గడువు కొన్ని నెలలు తగ్గించడంతో ఒక యేడాది వెనకున్న ఆ ఇద్దరూ లలితతో పాటే బయటికి వచ్చారు. పట్టా కాగితాల మీద మగవారికి వాడే మాటే అచ్చయి వుండటంతో దాన్ని కొట్టివేసి స్త్రీలకు వాడే మాట చేత్తో రాసి ఇవ్వవలసి వచ్చింది. అచ్చు వేయించినవారికి ఆ అవసరం రాగలదన్న వూహే లేకపోయింది పాపం.

త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరయ్యారు. లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ ముగించి, సిమ్లాలో కొంతకాలం ఉద్యోగం చేశారు. ఆపైన తండ్రి పరిశోధనల్లో సాయపడ్డారు. పొగరాని పొయ్యి తయారీకి కూడా పూనుకున్న మనిషి ఆయన. 1948లో ఆమె కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ కంపెనీలో చేరి దశాబ్దాల పాటు పనిచేశారు. విద్యుత్తు లైన్లు, సబ్‌స్టేషన్ల నమూనాలు గీయడం ఆమె వృత్తి. భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనిలో ఆమెకు భాగముంది. కలకత్తాలో సోదరుని కుటుంబం చెంతనే వున్నారు. ఆమె ఆఫీసుకు వెళ్లినప్పుడు బిడ్డను చూసుకున్నది వదినగారే. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగితే లలిత హాజరయ్యారు. 1979లో కన్నుమూశారు.

ఆమె జీవితంలో తోడు నిలిచిన వారిని వరుసగా చూస్తే తండ్రి, ప్రిన్సిపాల్, తోటి ఆడపిల్లలు ఇద్దరు, సోదరుడు, వదినగారు కనిపిస్తారు. పేరు మాత్రం లలితగారిదే నిలిచింది. వదినగారి పేరు ఎవరూ గుర్తు పెట్టుకోలేదు.

గిండీకీ ఈ కరువు సీమకూ ఒక సంబంధం వున్న సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఇప్పుడు జె.ఎన్.టి.యు. కాలేజీగా అందరికీ తెలిసిన అనంతపురం ఇంజనీరింగు కాలేజీ 1946లో మొదలైంది గిండీ ఆవరణలోనే. 1948లో దాన్ని అనంతపురానికి తరలించారు. అంటే లలిత నడిచిన వరండాల్లోనే మూడేళ్లు తిరక్కముందే అనంతపురం కాలేజీ పురుడు పోసుకుంది.

రామగిరి గాలిమరల వెనుక

ధర్మవరం వైపు పోయేవారికి రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతూ కనిపిస్తాయి. 1990లలో అక్కడ అవి మొదలయ్యాయి. అలాగే కదిరి దాటి నంబులపూలకుంట వైపు వెళితే ఎకరాల కొద్దీ సౌర ఫలకాలు పరచి వున్నాయి. అక్కడ 2016లో ఎన్.టి.పి.సి. 250 మెగావాట్ల కేంద్రం పూర్తి చేసింది. వానలేని నేలకు దేవుడిచ్చినవి ఎండ, గాలి. అయితే ఎక్కడ ఎంత ఎండ కాస్తుంది, ఏ నెలలో ఎంత గాలి వీస్తుంది అన్నది ముందుగా ఎవరో ఒకరు కొలిచి పుస్తకాలకెక్కిస్తే గాని ఇలాంటి కేంద్రాలకు పెట్టుబడి పెట్టేవారు ముందుకు రారు. మన దేశంలో ఆ కొలతలకు పునాది వేసింది ఒక స్త్రీ.

ఆమె పేరు అన్నా మాణి. 1918లో తిరువాన్కూరు సంస్థానంలోని పీర్మేడులో పుట్టారు. ఎనిమిదవ పుట్టినరోజున ఇంట్లోవారు ఆచారం ప్రకారం వజ్రాల కమ్మలు ఇవ్వబోతే, అవి వద్దు, విజ్ఞాన సర్వస్వం సంపుటాలు కావాలని పట్టుబట్టి తెప్పించుకున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, 1940లో బెంగుళూరులో సి.వి.రామన్ ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆమెకు అప్పగించిన పరిశోధన వజ్రాలు, కెంపుల మీదనే! అయిదు పరిశోధన పత్రాలు ప్రచురించినా, ఎమ్మెస్సీ పట్టా లేదన్న కారణం చూపి మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇవ్వలేదు. ఆమె దాన్ని మనసులో పెట్టుకుని కూర్చోలేదు. 1945లో ఇంగ్లండు వెళ్లి, వాతావరణం కొలిచే పరికరాల తయారీ నేర్చుకున్నారు. భౌతిక శాస్త్రమే చదవాలని వున్నా, దొరికిన స్కాలర్‌షిప్పు ఆ విద్యకే.

1948లో తిరిగివచ్చి పూనాలో వాతావరణ శాఖలో చేరారు. వానమాపకం మొదలు గాలివేగం కొలిచే పరికరం దాకా అప్పటివరకు విదేశాల నుంచి తెప్పించుకుంటున్న వస్తువులను ఇక్కడే తయారు చేయించారు. దాదాపు నూరు పరికరాల నమూనాలను ప్రామాణికం చేశారు. మండల కేంద్రంలో ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో పత్రికలో చూసే రైతుకు ఈ సంగతి తెలియకపోవచ్చు. 1976లో ఆ శాఖ డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పదవీ విరమణ చేశాక కూడా ఆమె విశ్రమించలేదు. దేశంలోని ఎండ లెక్కలు 1980లోను, గాలి లెక్కలు 1983లోను పుస్తకాలుగా వెలువరించారు. 2001లో మరణించారు.

ఇదే బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1933లో కమలా భాగవత్ అనే బొంబాయి యువతికి, ఆడపిల్ల అన్న కారణంగా సీటు ఇవ్వడానికి మొదట నిరాకరించారు. ఆమె పట్టు వీడకపోవడంతో ఒక యేడాది పరీక్షగా చూస్తామన్న షరతు మీద చేర్చుకున్నారు. పాలలోని, పప్పుధాన్యాలలోని మాంసకృత్తుల మీద పనిచేసి, 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు సాధించిన కమలా సొహోనీ ఆవిడే. ఆమె తర్వాత ఆ సంస్థ తలుపులు ఆడపిల్లలకు తెరుచుకున్నాయి. పుట్టపర్తి నుంచి ఆ నగరానికి ప్రయాణం ఈనాడు ఒక్క పూట.

పాతకాలపు సంగతులు మాత్రమే కావివి. 2023 ఆగస్టు 23న చంద్రుని మీద దిగిన చంద్రయాన్-3 ప్రాజెక్టులో అసోసియేట్ డైరెక్టరుగా వ్యవహరించిన కాళహస్తి కల్పన చిత్తూరు జిల్లా ఆడపడుచు.

పది తర్వాత మూడు దారులు

ఇక ఖర్చు, దూరం మాట. పది పాసైన పిల్లకు ఇంజనీరు కావడానికి మూడు దారులున్నాయి. ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకుని ఈఏపీసెట్ రాయడం అందరికీ తెలిసినదే. ఇంటర్‌లో లెక్కలు వదిలితే ఈ దారి మూసుకుపోతుంది. "దగ్గర్లో ఆ గ్రూపు లేదు" అని లెక్కలు వదిలించే ముందు తల్లిదండ్రులు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

రెండవది పాలీసెట్ రాసి మూడేళ్ల డిప్లొమాలో చేరడం. పల్లెల్లో దీన్ని చిన్నచూపు చూడటం శోచనీయం. డిప్లొమా తర్వాత ఈసెట్ రాస్తే బి.టెక్. రెండవ సంవత్సరంలోనే చేరవచ్చు. ఇంటర్ రెండేళ్లు, బి.టెక్. నాలుగేళ్లు కలిపితే ఆరు. డిప్లొమా మూడేళ్లు, ఆపై బి.టెక్. మూడేళ్లు కలిపినా ఆరే. పైగా ఇంట్లో పరిస్థితి బాగాలేక మూడేళ్లకే ఆపవలసి వచ్చినా చేతిలో ఒక పట్టా, ఒక పని వుంటాయి. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టాక డిప్లొమా విలువ ఏమిటో ఆ చుట్టుపక్కల గ్రామాలవారికి కళ్లకు కట్టింది.

మూడవది ఇడుపులపాయ. పల్లె పిల్లల కోసమే 2008లో నెలకొల్పిన ట్రిపుల్ ఐ.టి. అది. ప్రవేశ పరీక్ష లేదు, పదవ తరగతి మార్కుల మీదనే సీటు. ప్రభుత్వ బడుల్లో చదివినవారి మార్కులకు నాలుగు శాతం కలుపుతారు. ఆరేళ్లూ అక్కడే హాస్టల్లో వుండి చదవవచ్చు. రోజూ బస్సులో పంపడమెలా అన్న బెంగ లేదు.

ఆడపిల్లలున్న ఇళ్లలో తెలియని విషయం మరొకటుంది. మన రాష్ట్రంలో కన్వీనరు కోటా ఇంజనీరింగు, పాలిటెక్నిక్ సీట్లలో ప్రతి వర్గంలోను మూడో వంతు ఆడపిల్లలకే కేటాయించారు. అర్హులైన ఆడపిల్లలు రాకపోతే ఆ సీట్లు మగపిల్లలకు పోతాయి. ఐ.ఐ.టి.ల్లో ఆడపిల్లల కోసం 2018 నుంచి అదనపు సీట్లు సృష్టిస్తూ 2020 నాటికి నూటికి 20 వంతులకు చేర్చారు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2014-15లో ప్రారంభించిన 'ప్రగతి' స్కాలర్‌షిప్పు కింద డిగ్రీ గాని, డిప్లొమా గాని చదివే ఆడపిల్లకు యేడాదికి 50 వేల రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం యేటా 8 లక్షల రూపాయలకు మించకూడదు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా అర్హులు. ఇలాంటి కబురు పల్లెకు చేరేసరికి తరచు గడువు దాటిపోతోంది.

మొదటి సంవత్సరమే గండం

సీటు వచ్చిందంటే సగం పని అయినట్టే. మిగతా సగం మొదటి సంవత్సరంలో వుంది. తెలుగు మీడియంలో చదివిన పిల్లకు ఇంగ్లీషులో పాఠాలు, కొత్త మనుషులు, కొత్త తిండి. వర్క్‌షాపులో ఆకురాయి చేతికిచ్చి ఇనుప ముక్కను చతురస్రంగా అరగదీయమంటారు. నగరాల పిల్లలు చకచకా మాట్లాడుతుంటే పల్లె పిల్ల వెనక బెంచీలో ముడుచుకుపోతుంది. తొలి పరీక్షలో ఒక సబ్జెక్టు పోతుంది. ఇంటికి ఫోను చేసి ఏడుస్తుంది. "ఇంక చాలు, వచ్చెయ్యమ్మా" అన్న ఒక్క మాటతో అంతా ముగిసిపోయే రోజు అదే. తప్పిన సబ్జెక్టు మళ్లీ రాసుకోవచ్చు. మగపిల్లవాడు తప్పితే రెండోసారి కట్టించే తండ్రులే ఆడపిల్ల విషయంలో ఇది నీ వల్ల కాదనడం చాలా ఇళ్లలో జరుగుతోంది.

కాలేజీలో అప్పటికే చదువుతున్న అదే ప్రాంతపు పెద్ద తరగతి అమ్మాయి ఒకరు వెంట వుంటే ఈ గండం తేలిగ్గా గట్టెక్కుతుంది. ఏ పుస్తకం కొనాలి, ఏది లైబ్రరీలో దొరుకుతుంది, ఏ మేడమ్‌ను అడిగితే ఓపిగ్గా చెబుతారు అన్నవి చెప్పడానికి ఆమె చాలు. పండుగ సెలవులకు వూరికి వచ్చిన అలాంటి విద్యార్థినులను హైస్కూలుకు పిలిపించి పదవ తరగతి బాలికలతో ఒక పూట కూర్చోబెడితే ప్రధానోపాధ్యాయులకు ఖర్చయ్యేది ఏమీ లేదు.

చదివి వచ్చినవారికి ఇక్కడ పని లేదనడమూ సరికాదు. బోరు నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించితే తాగడానికి పనికిరాదు. పల్లెల్లో నీటిని పరీక్షించి ఆ మాట చెప్పడానికి కెమిస్ట్రీ చదివినవారు కావాలి. చెక్‌డ్యామ్ ఎక్కడ కడితే నీరు నిలుస్తుందో చెప్పడానికి సివిల్ చదివినవారు కావాలి. నీళ్లబిందె మోసిన ఇంటి పిల్లకు ఆ పని విలువ మరొకరు చెప్పనక్కరలేదు.

మధ్యలో పెళ్లి సంబంధం వస్తే ఏం చేయాలన్న ప్రశ్న మిగిలింది. 18 నిండకుండా చేస్తే 2006 నాటి చట్టం ప్రకారం నేరం. నిండినా, చివరి యేడాది పరీక్షలయ్యే దాకా ఆగే సంబంధమే మేలని పెద్దలు గ్రహించాలి.

ఈ యేడు పరీక్షలు రాసే బాలికల తల్లిదండ్రులు ఫలితాల దాకా ఆగకుండా ఆదాయ, కుల ధ్రువపత్రాలు, చదివిన బడుల నుంచి స్టడీ సర్టిఫికెట్లు సిద్ధం చేసుకోవడం మంచిది. ఆధార్‌లో పేరు, పదవ తరగతి మెమోలో పేరు ఒకేలా వున్నాయో లేదో ఇప్పుడే చూసుకోవాలి, దరఖాస్తు తిరిగివచ్చేది ఎక్కువగా ఇక్కడే. బడిలో లెక్కలు బాగా వచ్చే బాలికలు ఇద్దరుంటే, ఆ ఇద్దరి తల్లిదండ్రులను ఒకే రోజు పిలిపించి మాట్లాడటం ఉపాధ్యాయుల చేతిలో వున్న పని. సీట్ల ఎంపికలో ఇద్దరూ ఒకే కాలేజీని, ఒకే హాస్టలును ముందు పెట్టుకోవచ్చు. ఒకే బస్సులో పోయి రావచ్చు. గిండీలో లలిత కోసం చాకో గారి కాలేజీ చేసింది ఈ పనే.